చిప్పు (మెమరీ కార్డు) కెమెరా ఏది కొనాలి, మా పాత కంప్యూటర్‌లో మిక్సింగ్ (ఎడిటింగ్) అవుతుందా? (పద్యనాటకాల రికార్డింగ్ కోసం)

తెనాలి పద్యం:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదివి సలహా ఇవ్వండి.

మా నాన్నగారు హార్మోనిస్టు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పద్యనాటకాలకు వాయిస్తూనే ఉన్నారు. ఆయనతో పాటు వేషాలు కట్టే వాళ్ళలో చాలామందికి ఇప్పుడు అరవై దాటాయి, ఇద్దరికి డెబ్బై పైనే. గొంతు ఇంకా బాగానే ఉంది, కానీ ఎన్నాళ్ళుంటుందో తెలియదు కదా. అందుకే ఈ శివరాత్రి నుంచి వాళ్ళు ఆడే ప్రతి నాటకాన్నీ మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేసి పెట్టాలనుకుంటున్నాను. యూట్యూబులో పెట్టడం తర్వాతి సంగతి, ముందు మా దగ్గర భద్రంగా ఉండాలి.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది 2007లో కొన్న మినీ డీవీ హ్యాండీక్యామ్. గంట క్యాసెట్టు. పోయిన ఏడాది తిరునాళ్ళలో ఒకాయన పద్యం ఎత్తుకుని రాగం తీస్తుండగా క్యాసెట్టు అయిపోయింది. కొత్తది పెట్టి కెమెరా మళ్ళీ తిరిగేసరికి జనం వన్స్‌మోర్ అంటున్నారు. పద్యం మాత్రం నా దగ్గర లేదు. ఆ తర్వాత ఆయన ఆ వేషం మళ్ళీ కట్టలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు, ఈ పోస్టు పెట్టడానికి అసలు కారణం కూడా అదే.

కాబట్టి క్యాసెట్టు లేని కెమెరా కావాలి, మధ్యలో ఆగకుండా మూడు గంటలైనా తిరగాలి. బడ్జెట్ స్టాండుతో కలిపి లక్ష లోపు, మరీ అవసరమైతే ఇంకో పది వేలు. మా ఊళ్ళో షాపులో అడిగితే 4కే తీసుకోండి, అదే బాగుంటుంది అన్నారు తప్ప ఆ ఫైళ్ళు నా కంప్యూటర్‌లో తెరుచుకుంటాయా అని అడిగితే జవాబు రాలేదు. నా కంప్యూటర్ నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. తెలిసినవాళ్ళు ఒక పెళ్ళి వీడియో చిప్పు నుంచి కాపీ చేసిచ్చారు, అన్నీ ఎంటీఎస్ అనే ఫైళ్ళు. ప్లే అవుతుంది గానీ మధ్యలో జరిపితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. నా పాత డీవీ ఫైళ్ళు మాత్రం ఇదే కంప్యూటర్‌లో వెన్నలా నడుస్తాయి. ఎందుకిలా?

ఇంకో సంగతి. మా తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు, వచ్చే నెల వస్తున్నాడు, అక్కడి నుంచి కెమెరా తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా? ఇంట్లో 40 దాకా పాత క్యాసెట్లు కూడా ఉన్నాయి, వాటినీ ఇదే సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోవాలి.

గుంటూరు మిక్సింగ్:

అమ్మా, మీ పోస్టు చదివి చాలా సంతోషమేసింది. నేను పాతికేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్నాను, వీహెచ్ఎస్ కాలం నుంచి. తర్వాత పానాసోనిక్ ఎండీ 10000 కెమెరా మీద ఎన్ని క్యాసెట్లు అరగదీశానో లెక్కలేదు. పద్యనాటకాలు కూడా కొన్ని తీశాను కాబట్టి తెలిసింది చెబుతాను.

ముందు మీ కంప్యూటర్ ఎందుకు ఆగుతోందో చెబుతాను, అది అర్థమైతే ఏ కెమెరా కొనాలో సగం తేలిపోతుంది. డీవీలో ప్రతి ఫ్రేమూ దేనికది పూర్తి బొమ్మ. సెకనుకు 25 మెగాబిట్లు, గంటకు 13 జీబీ దాకా. కంప్యూటర్‌కు పెద్ద పని ఉండదు, ఏ ఫ్రేము అడిగితే అది తీసి చూపిస్తుంది. మీకిచ్చిన ఎంటీఎస్ ఫైలు ఏవీసీహెచ్‌డీ అనే పద్ధతి, 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి తెచ్చాయి. లోపల ఉండేది హెచ్.264 అనే కుదింపు పద్ధతి. అందులో ఒక బొమ్మ పూర్తిగా ఉంటుంది, తర్వాత వచ్చే ఫ్రేముల్లో ఏం మారిందో అది మాత్రమే రాస్తారు. అందుకే దాదాపు అంతే సైజులో, ఇంకా తక్కువలో కూడా హెచ్‌డీ బొమ్మ పడుతుంది. కానీ మీరు టైమ్‌లైన్‌లో (ఎడిటింగ్‌లో క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ) ఎక్కడో మధ్యలో నొక్కితే కంప్యూటర్ వెనక్కి వెళ్ళి పూర్తి బొమ్మ వెతుక్కుని, అక్కడి నుంచి ఒక్కో మార్పూ లెక్కేసుకుంటూ రావాలి. ఆ లెక్కకే మీ ఐ5 ఆయాసపడుతోంది. ఫైలు చెడిపోలేదు, కంప్యూటరూ చెడిపోలేదు.

4కే మాట మీకు ఇప్పుడు వద్దమ్మా. 4కే అంటే హెచ్‌డీకి బొమ్మ నాలుగింతలు, లెక్క కూడా అంతే. పైగా కొత్త కెమెరాల్లో 10 బిట్ అనీ, 4:2:2 అనీ, హెచ్.265 అనీ కంప్యూటర్‌కు ఇంకా బరువైన రికార్డింగ్ పద్ధతులు ఉంటాయి. అవి తీసుకుంటే కెమెరా డబ్బుకు ఇంకో కంప్యూటర్ డబ్బు కలపాలి. మీరు తీసేది స్టేజీ, చూసేది టీవీలోనో ఫోన్‌లోనో. 1080 సైజులో సెకనుకు 50 ఫ్రేములు, మెనూలో 50పీ అని ఉంటుంది, అది చాలు. 50ఐ కాదు, 50పీ. 50ఐ అంటే ఒక్కో బొమ్మను గీత విడిచి గీతగా రెండు సగాలుగా తీస్తుంది, అలా తీస్తే చెయ్యి విసిరినప్పుడు గీతలు గీతలుగా కనపడి, అవి పోగొట్టడం మళ్ళీ ఒక పని.

కెమెరా సంగతికొస్తే, నేనైతే సెకండ్ హ్యాండ్‌లో సోనీ ఎన్ఎక్స్100 కోసం చూస్తాను. 2015లో వచ్చింది, 1 అంగుళం సెన్సార్ (లోపల బొమ్మను పట్టే ముక్క), 12 రెట్ల ఆప్టికల్ జూమ్, రెండు చిప్పులు పడతాయి, మైకు వైర్లు పెట్టే ఎక్స్ఎల్ఆర్ పిన్నులు రెండున్నాయి. 4కే లేదు, అందుకే ధర దిగి ఉంటుంది. మా వాళ్ళంతా వాడిన సోనీ ఎంసీ2500 కూడా దొరుకుతుంది, భుజం మీద పెట్టుకునేది, చూడ్డానికి పెద్దగా ఉంటుంది గానీ సెన్సార్ చిన్నది. రాత్రి పదింటికి మొదలయ్యే నాటకంలో లైట్లు తగ్గించిన సీను వస్తే బొమ్మలో ఇసుక చల్లినట్టుంటుంది. కొత్తదే కావాలంటే సోనీ ఏఎక్స్43 లాంటి చిన్న హ్యాండీక్యామ్ ఉంది, 20 రెట్ల జూమ్, మైకు జాక్, హెడ్‌ఫోన్ జాక్ ఉన్నాయి, కానీ చిప్పు ఒకటే పడుతుంది, ఎక్స్ఎల్ఆర్ లేదు. 4కే తీస్తుంది, మీరు హెచ్‌డీలోనే పెట్టుకోండి.

రెండు చిప్పుల మాట ఎందుకంటున్నానంటే, ఒకటి నిండగానే రెండోదానికి దానంతట అదే మారిపోతుంది, లేదా రెండింటిలోనూ ఒకేసారి రాస్తుంది. మీరు రెండో పద్ధతి పెట్టుకోండి. ఆ పద్యం పోయిందన్నారే, అలాంటిది మళ్ళీ జరగకూడదంటే రెండు నకళ్ళు అక్కడికక్కడే పడాలి.

సైజు లెక్క చెబుతాను. ఏవీసీహెచ్‌డీలో 50పీ అయితే 28 మెగాబిట్లు, గంటకు దాదాపు 12.6 జీబీ. ఎక్స్ఏవీసీ ఎస్ అని సోనీ వాళ్ళ ఇంకో పద్ధతి, 50 మెగాబిట్లది ఉంటుంది, గంటకు 22.5 జీబీ, మూడు గంటల నాటకానికి 68 జీబీ దాకా. కాబట్టి 128 జీబీ చిప్పులు రెండు, మీద యూ3 అనో వీ30 అనో వేగం గుర్తున్నవి. తక్కువ ధరకు దొరికే నకిలీ చిప్పులు చాలా ఉన్నాయి, 128 అని రాసి ఉంటుంది, లోపల 16 కూడా ఉండదు, నిండాక పాతదాని మీదే రాసేస్తాయి. కొన్న రోజే చిప్పు మొత్తం నింపి, తిరిగి చదివి చూడండి.

సాఫ్ట్‌వేర్ విషయంలో మా లైన్‌లో అందరూ ఎడియస్ మీదే పనిచేస్తారు. గ్రాఫిక్స్ కార్డు మీద పెద్దగా ఆధారపడదు, డీవీ, ఎంటీఎస్ ఒకే టైమ్‌లైన్ మీద వేసుకోవచ్చు. 30 రోజుల ట్రయల్ ఉంది, దించి చూడండి. ఊళ్ళో ఎవరో ఉచితంగా ఎక్కిస్తామంటారు, ఆ క్రాక్ కాపీలు వద్దు. నాకు తెలిసిన ఒకతను అలా ఎక్కించుకుని వైరస్ వచ్చి రెండు పెళ్ళిళ్ళ ఫుటేజీ పోగొట్టుకున్నాడు.

ఉచిత సాఫ్ట్‌వేర్ అభిమాని:

గుంటూరు అన్న చెప్పినదానికి చాలావరకు ఒప్పుకుంటాను, సాఫ్ట్‌వేర్ దగ్గర మాత్రం నా మాట వేరు. అక్కా, మీరు పెళ్ళిళ్ళ వ్యాపారం చేయడం లేదు, డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాల్సిన అవసరం లేదు. కెడెన్‌లైవ్ దించుకోండి. పూర్తిగా ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. దాంట్లో ప్రాక్సీ అని ఒక సదుపాయం ఉంది, మీ పాత కంప్యూటర్‌కు అదే ప్రాణం. అసలు ఫైలుకు ఒక చిన్న, తేలిక నకలు తయారు చేస్తుంది, మీరు కోతలన్నీ ఆ నకలు మీద చేస్తారు, చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, అంటే పూర్తయిన వీడియోను ఫైలుగా బయటికి తీసేటప్పుడు, అసలు ఫైలు నుంచే తీసుకుంటుంది. మూడు గంటల నాటకానికి ప్రాక్సీలు తయారవడానికి మీ ఐ5కి చాలా సేపు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి, పొద్దునకి సిద్ధంగా ఉంటాయి. షాట్‌కట్ అని ఇంకోటి ఉంది, అది ఇంకా తేలిక, కానీ మూడు గంటల ప్రాజెక్టు అంటే నేను కెడెన్‌లైవ్ వైపే ఉంటాను.

డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ గురించి ఎవరో ఒకరు చెబుతారు, అందుకే ముందే అంటున్నాను. చాలా మంచి సాఫ్ట్‌వేర్, రంగులు సరిచేయడంలో దానికి సాటి లేదు, కానీ దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉండాలి. మీ దగ్గర రెండూ లేవు. లినక్స్‌లో అయితే ఉచిత వెర్షన్ హెచ్.264 ఫైళ్ళనే తెరవదు, అంటే చిప్పు కెమెరా ఫైళ్ళు నేరుగా పనికిరావు.

ఇప్పుడు అసలు ముఖ్యమైన మాట. కెమెరాకు డబ్బు కట్టే ముందు, అదే మోడల్‌తో, అదే సెట్టింగ్‌లో తీసిన క్లిప్పు ఒక పది నిమిషాలది సంపాదించండి. అమ్మేవాళ్ళనే అడగండి, వాళ్ళ ముందే మీ చిప్పు పెట్టి తీసుకోండి. ఇంటికొచ్చి మీ కంప్యూటర్‌లో వేసి, కోసి, పేర్లు పెట్టి, ఎక్స్‌పోర్ట్ దాకా వెళ్ళండి. అది సాఫీగా జరిగితేనే కెమెరా. చాలామంది కెమెరా కొన్నాక సాఫ్ట్‌వేర్ వెతుకుతారు, సాఫ్ట్‌వేర్ దొరికాక కంప్యూటర్ వెతుకుతారు. మీరు ఉన్న కంప్యూటర్ నుంచి మొదలుపెట్టి కెమెరా దాకా రండి.

రెండోది, చిప్పు నుంచి కాపీ చేసే పద్ధతి. ఏవీసీహెచ్‌డీలో తీస్తే చిప్పులో ప్రైవేట్ అనే ఫోల్డర్, దాంట్లో ఏవీసీహెచ్‌డీ, దాంట్లో బీడీఎంవీ, దాంట్లో స్ట్రీమ్ అని ఒకదానిలో ఒకటి ఉంటాయి. ఎంటీఎస్ ఫైళ్ళు చివరి ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి అవొక్కటే లాగేసుకుంటారు అందరూ. అలా చేయొద్దు. పొడుగు రికార్డింగ్‌ను కెమెరా 2 జీబీకో 4 జీబీకో ముక్కలు చేస్తుంది. 24 మెగాబిట్లయితే 2 జీబీ అంటే 12 నిమిషాలే. ముక్కలు ఏ వరసలో కలవాలో ఆ పక్క ఫోల్డర్లలోనే రాసి ఉంటుంది. ముక్కల్ని విడివిడిగా టైమ్‌లైన్ మీద వేస్తే అతుకు దగ్గర ఒకటి రెండు ఫ్రేములు పోయి, ధ్వనిలో టక్కుమని వినిపిస్తుంది. మాటల్లో అయితే ఎవరికీ తెలియదు, రాగం సాగుతున్నప్పుడు పడితే నాన్నగారి చెవికి వెంటనే తెలుస్తుంది. కాబట్టి చిప్పు మొత్తాన్ని, పై ఫోల్డర్ నుంచి, ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి పెట్టుకోండి. ముక్కల్ని అతుకు లేకుండా కలపడానికి కెమెరా కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అది లేకపోతే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ కమాండ్‌ను బైనరీ పద్ధతిలో వాడి కూడా కలపొచ్చు. ఎక్స్ఏవీసీ ఎస్‌లో 64 జీబీ, ఆ పైన ఉన్న చిప్పు వాడితే ఈ ముక్కల గొడవ ఉండదు, నాకైతే మీకు అదే మేలనిపిస్తోంది.

పాత క్యాసెట్ల సంగతి. ఫైర్‌వైర్ కార్డు (డీవీ కెమెరా వైరు పెట్టుకునే పిన్ను ఉన్నది) ఒకటి కంప్యూటర్‌లో పెట్టించి అదే పాత హ్యాండీక్యామ్ నుంచి ఎక్కించండి. గంట క్యాసెట్టుకు గంట పడుతుంది, కానీ క్యాసెట్టులో ఉన్నది ఉన్నట్టు దిగుతుంది, నాణ్యత ఏమీ పోదు. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల వైరుతో ఎక్కించొద్దు, దాంట్లో పోతుంది. ఇంకో చిన్న విషయం, డీవీలో కింది గీతల వరుస ముందు వస్తుంది, 50ఐ హెచ్‌డీలో పై వరుస ముందు వస్తుంది. రెండూ కలిపినప్పుడు బొమ్మ వణికినట్టుంటే ఆ క్లిప్పు ప్రాపర్టీస్‌లో ఫీల్డ్ ఆర్డర్ చూడండి. 40 క్యాసెట్లకు 520 జీబీ దాకా కావాలి, 1 టీబీ డిస్కు సరిపోతుంది.

ఫోన్ చాలు:

ఇంత అవసరమా అండీ? ఇప్పటి ఫోన్లు బ్రహ్మాండంగా తీస్తున్నాయి. ఒక మంచి ఫోన్, స్టాండు కొంటే పనైపోతుంది.

ఉచిత సాఫ్ట్‌వేర్ అభిమాని:

పది నిమిషాల పద్యానికి ఫోన్ చాలు, నిజమే. మూడు గంటలకు కష్టం. వేడెక్కుతుంది, మధ్యలో కాల్ వస్తే ఏమవుతుందో చెప్పలేం, స్టేజీకి ఇరవై గజాల దూరం నుంచి మొహం దగ్గరగా తీయాలంటే చాలా ఫోన్లలో అంత జూమ్ లేదు. అన్నిటికంటే పెద్ద చిక్కు, చాలా ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములు అని నిలకడగా తీయవు, వెలుతురును బట్టి మారుస్తాయి. ఎడిటింగ్‌లో వేస్తే గంట గడిచేసరికి పెదాలు ఒకచోట, పద్యం ఒకచోట. స్టిల్ కెమెరాలు కూడా ఇంతే, వాటిలో చాలావాటికి 29 నిమిషాల 59 సెకన్ల గీత ఉండేది, వీడియో కెమెరా అని లెక్కకొస్తే యూరప్‌లో ఎక్కువ సుంకం పడుతుందని కంపెనీలే అలా పెట్టాయి. క్యామ్‌కార్డర్ పాతకాలపు వస్తువులా కనిపిస్తుంది గానీ ఇలాంటి పనికి అదే సరైనది.

డల్లాస్ కూచిపూడి:

నేను ఇక్కడ డల్లాస్‌లో మా పిల్లల డాన్స్ స్కూలు రంగప్రవేశాలు తీస్తుంటాను, రెండున్నర గంటలు ఆపకుండా. మీ తమ్ముడు కెమెరా తెస్తానన్నారు కదా, ఆ ఒక్క విషయానికి జవాబు చెబుతాను.

తెప్పించుకోవద్దండి. ఇక్కడ అమ్మే ఇంటి వాడకం హ్యాండీక్యామ్‌లు చాలావరకు సెకనుకు 60 ఫ్రేముల లెక్కలోనే తీస్తాయి, 50కి మార్చే వీలు మెనూలో ఉండదు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, అంటే లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, కంటికి కనపడదు. 60తో తీసినప్పుడు ఆ లెక్క, ఈ లెక్క కుదరక బొమ్మ అంతా అలలు అలలుగా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. నేను ఒకసారి ఇక్కడి కెమెరా పట్టుకొచ్చి మా మేనకోడలి పెళ్ళి తీశాను, కల్యాణ మండపంలో ట్యూబులైట్ల కింద తీసిందంతా అలాగే వచ్చింది. షటర్ 1/100కి కట్టేసి ఉంటే చాలావరకు తగ్గేదని తర్వాత తెలిసింది, అప్పటికే ముహూర్తం అయిపోయింది. మీకు ఇంకో నష్టం కూడా ఉంది, మీ పాత క్యాసెట్లన్నీ 25 ఫ్రేములవి. 50తో తీసినవి వాటితో తేలిగ్గా కలుస్తాయి, 60తో కలిపితే నడక కుంటుతుంది. ఎన్ఎక్స్100లో రెండూ మార్చుకోవచ్చు కాబట్టి అది ఎక్కడ కొన్నా ఇబ్బంది లేదు, చిన్న హ్యాండీక్యామ్ అయితే మాత్రం ఇండియాలోనే కొనండి. తమ్ముడితో కావాలంటే మంచి చిప్పులు తెప్పించుకోండి.

స్టేజీ మీద ఇంకో రెండు మాటలు. ఆటో ఎక్స్‌పోజర్ ఆపేయండి. వెనక నల్ల తెర ఉంటే కెమెరా చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది, మేకప్ వేసిన మొహం తెల్ల కాగితంలా అయిపోతుంది. కిరీటం తళుకులు, మొహం, రెండూ పాడవకుండా చేత్తో సెట్ చేసుకోవాలి. జీబ్రా అని ఒకటి ఉంటుంది, ఎక్కువైన చోట చారలు చూపిస్తుంది, అది ఆన్ చేసుకోండి. వైట్ బ్యాలెన్స్ కూడా ఒకచోట కట్టేయండి, లేకపోతే రంగు లైటు మారినప్పుడల్లా కెమెరా దాన్ని సరిదిద్దబోయి ఎర్ర లైటు సీనును పాలిపోయేలా చేస్తుంది.

తెనాలి పద్యం:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. 50, 60 సంగతి షాపులో ఒక్కరూ చెప్పలేదు. తమ్ముడికి ఇప్పుడే ఫోన్ చేసి వద్దన్నాను.

ఎంటీఎస్ ఫైళ్ళు కెడెన్‌లైవ్‌లో ప్రాక్సీ పెట్టి చూశాను, నిజంగానే ఆగకుండా నడిచింది. కంప్యూటర్ మార్చక్కర్లేదంటే నాకు పెద్ద బరువు దిగినట్టే.

ఒక్కటి అడుగుతాను. మా నాన్నగారికి బొమ్మ కంటే ధ్వని ముఖ్యం. నేను తీసినవి చూసి, హార్మోనియం వినిపించినంత పద్యం వినిపించడం లేదమ్మా అంటారు. పద్యం ఆగినప్పుడు జనం గోల ఉప్పెనలా పెరిగి, మళ్ళీ పద్యం మొదలవగానే తగ్గుతుంది. ఇది కెమెరా మైకు వల్లేనా? మైకుసెట్టు వాళ్ళ మిక్సర్ నుంచి వైరు తీసుకుంటే సరిపోతుందా?

గుంటూరు మిక్సింగ్:

నాన్నగారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. పద్యనాటకంలో బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, పద్యం సరిగా వినపడకపోతే కట్టేస్తారు.

గోల పెరిగి తగ్గడం ఏజీసీ వల్ల, అంటే ధ్వని మట్టాన్ని కెమెరా తనంతట తాను మార్చుకోవడం. నిశ్శబ్దం రాగానే కెమెరా చెవులు రిక్కించి లెవల్ పెంచుతుంది, పద్యం పడగానే దించుతుంది. మెనూలో దాన్ని ఆపి, లెవల్ చేత్తో పెట్టండి. పై షడ్జమం అందుకున్నప్పుడు మీటరు ఎర్రలోకి పోకుండా, ముందే ఒకసారి గట్టిగా పాడించి చూసుకోండి. కెమెరా ముందున్న మైకు హార్మోనియానికి దగ్గరగా ఉంటుంది, నటుడికి దూరంగా ఉంటుంది, అందుకే వాద్యమే మింగేస్తుంది.

మిక్సర్ నుంచి తప్పకుండా తీసుకోండి, కానీ అదొక్కటే చాలదు. మిక్సర్‌లో వచ్చేది మైకులో పడిందే. నటుడు పక్కకు తిరిగితే గొంతు తగ్గిపోతుంది, జనం చప్పట్లు, వన్స్‌మోర్ కేకలు అసలే రావు. అవి లేని పద్యనాటకం ఏం బాగుంటుందమ్మా! అందుకే ఒక ఛానల్లో మిక్సర్ లైను, రెండో ఛానల్లో స్టేజీ ముందు పెట్టిన మైకు. రెండూ విడివిడిగా ఉంటే మిక్సింగ్‌లో మీకు కావలసినట్టు కలుపుకోవచ్చు. ఎన్ఎక్స్100లో ఒక్కో ఎక్స్ఎల్ఆర్ పిన్ను దగ్గర లైన్, మైక్ అని స్విచ్ ఉంటుంది. మిక్సర్ వైరు పెట్టిన చోట లైన్ మీద ఉంచాలి. మైక్ మీద ఉంచితే ధ్వని పగిలిపోతుంది, పగిలిన ధ్వనిని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. చిన్న హ్యాండీక్యామ్ కొంటే దానికున్నది మైకు జాక్ కాబట్టి మధ్యలో స్థాయి తగ్గించే వైరు, అటెన్యుయేటర్ అంటారు, అది తప్పనిసరి.

కెమెరా అడాప్టర్ మీద నడుస్తుంటే మిక్సర్ వైరు పెట్టగానే గుంయ్‌మని హమ్ము రావచ్చు, మన ఊళ్ళలో జనరేటర్ల మీద ఇది మామూలే. అడాప్టర్ తీసేసి బ్యాటరీ మీద పెట్టి వినండి. హమ్ము పోతే బ్యాటరీ మీదే నడపండి. ఎన్ఎక్స్100కి ఎఫ్970 అనే పెద్ద బ్యాటరీ పడుతుంది, రెండు దగ్గర పెట్టుకోండి. ఏ కెమెరా అయినా అడాప్టర్ మీద నడిపేటప్పుడు కూడా బ్యాటరీ లోపలే ఉంచండి, లేకపోతే కరెంటు పోగానే రికార్డింగ్ మధ్యలో తెగిపోతుంది. ఒకవేళ తెగి, మళ్ళీ ఆన్ చేసినప్పుడు డేటాబేస్ రిపేర్ చేయమంటారా అని అడిగితే చేయమనండి. కంగారులో ఫార్మాట్ మాత్రం నొక్కొద్దు.

ఇంకొకటి. క్యాసెట్టు కాలంలో మిక్సింగ్ అయ్యాక కూడా క్యాసెట్టు బీరువాలో ఉండేది, మీ 40 ఇప్పటికీ ఉన్నాయి కదా. చిప్పు అలా కాదు, తర్వాతి నాటకానికి దాన్ని చెరిపేయాల్సిందే. అందుకే ఇంటికి రాగానే రెండు వేరు వేరు హార్డ్ డిస్కుల్లో కాపీ చేసి, రెండూ తెరిచి ప్లే చేసి చూశాకే చిప్పు చెరపండి. ఒక డిస్కు మీ ఇంట్లో, ఇంకోటి బంధువుల ఇంట్లో. స్టాండు బడ్జెట్‌లో కాస్త తగ్గినా ఫర్వాలేదు, రెండో డిస్కు మాత్రం మానొద్దు.

తెనాలి పద్యం:

విజయవాడలో ఒకరి దగ్గర వాడిన ఎన్ఎక్స్100 దొరికింది. మీరు చెప్పినట్టే ముందు మా చిప్పు పెట్టి పావుగంట తీసుకొచ్చాను, 50పీ, ఎక్స్ఏవీసీ ఎస్. ఒకే ఫైలుగా వచ్చింది, ముక్కలు లేవు. ప్రాక్సీతో కోతలు సాఫీగా అయ్యాయి, ఎక్స్‌పోర్టుకు పావుగంట క్లిప్పుకి గంటకు దగ్గరగా పట్టింది. నాకు తొందర లేదు, సరిపోతుంది. బేరం 85 వేల దగ్గర తెగింది. స్టాండు ప్రస్తుతానికి మా మేనమామగారి స్టూడియోలోది వాడుకుంటాను, ఆ డబ్బుతో 2 టీబీ డిస్కులు రెండు తీసుకుంటున్నాను.

నిన్న రిహార్సల్‌లో మైకు పెట్టి ఒక పద్యం తీసి నాన్నగారికి హెడ్‌ఫోన్ పెట్టాను. విని, కింది సుతిలో గాలి శబ్దం కూడా పడింది, హార్మోనియం తిత్తి బాగుచేయించాలి అన్నారు. పద్యం గురించి ఏమీ అనలేదు, మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నారు.

శివరాత్రికి మైకుసెట్టు వాళ్ళతో మాట్లాడాను, వైరు ఇస్తామన్నారు. వాళ్ళ మిక్సర్ వెనకాల రెక్ అవుట్ అని రెండు చిన్న పిన్నులున్నాయి, ఎరుపు, తెలుపు. మెయిన్ అవుట్ పెద్ద పిన్నులు స్పీకర్లకు పోతున్నాయి. నేను దేనికి పెట్టుకోవాలి?

గుంటూరు మిక్సింగ్:

రెక్ అవుట్‌కే పెట్టుకోండమ్మా. మెయిన్ అవుట్ ముట్టుకుంటే వాళ్ళు స్పీకర్ల సౌండ్ తగ్గించినప్పుడు మీదీ తగ్గే ప్రమాదం ఉంది, పైగా ఊరి జనం ముందు స్పీకర్లు ఆగితే గొడవ. ఆర్‌సీఏ (ఆ ఎరుపు, తెలుపు పిన్నులు) నుంచి ఎక్స్ఎల్ఆర్‌కు వైరు ఒకటి చేయించుకోండి, ఐదు మీటర్లు సరిపోదు, పదిహేను చేయించండి. కెమెరాలో స్విచ్ లైన్ మీద పెట్టండి, ధ్వని కాస్త సన్నగా వస్తే లెవల్ చేత్తో పెంచుకోండి. తెర లేవడానికి గంట ముందే వెళ్ళి వైరు పెట్టుకుని, హెడ్‌ఫోన్‌లో వినండి. వైరు నేల మీద పరిచిన చోటల్లా టేపు అంటించండి, చీకట్లో వేషధారులు పరిగెడుతుంటారు.